ఓట్లు పడ్డాయి, దేశం ఏర్పడలేదు: కాటలోనియా ఎక్కడ ఆగిపోయింది?

క్లుప్తంగా: 2017 అక్టోబరు 1న స్పెయిన్‌లోని కాటలోనియాలో 20 లక్షల మందికి పైగా ప్రజలు స్వాతంత్ర్యం కోరుతూ ఓటేశారు. అక్టోబరు 27న అక్కడి పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించింది. అదే రోజు రాత్రికి మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వం ఆ పార్లమెంటును రద్దు చేసి పాలన తన చేతుల్లోకి తీసుకుంది. కొత్త దేశాన్ని ప్రపంచంలో ఒక్క దేశమూ గుర్తించలేదు. అంత జనబలమున్న ఉద్యమం ఒక్క రోజులో చల్లబడటానికి కారణాలు పోలింగ్ కేంద్రాల్లో కన్నా ఖజానాలో, రాజ్యాంగ నిబంధనల్లో, బ్యాంకు ఖాతాల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

రాష్ట్రం అడగడం వేరు, దేశం అడగడం వేరు

తెలుగువారికి విడిపోవడం అనగానే 2014 గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆ ఏడాది జనవరిలో శాసనసభ తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, దానికి కట్టుబడాల్సిన పని లేదు. సరిహద్దు గీసే అధికారం పూర్తిగా పార్లమెంటుదే, అదీ సాధారణ మెజారిటీతోనే. ఆ మార్పు ఎంత పెద్దదైనా పాస్‌పోర్టు, రూపాయి, సైన్యం, సుప్రీంకోర్టు మారలేదు.

కాటలోనియాకు రాష్ట్ర స్థాయి అధికారాలు చాలాకాలంగా ఉన్నాయి. బార్సిలోనా రాజధానిగా 80 లక్షల జనాభా, 135 మంది సభ్యుల పార్లమెంటు, మోసోస్ అని పిలిచే సుమారు 17 వేల మంది సొంత పోలీసులు, సొంత బడులు, ఆసుపత్రులు ఉన్నాయి. స్పెయిన్ ఆర్థిక ఉత్పత్తిలో దాదాపు 19 శాతం అక్కడిదే. ఇంత ఉన్నచోట పుట్టిన డిమాండు ఆ పైమెట్టుకు సంబంధించింది: సరిహద్దు మీద కస్టమ్స్, సొంత పన్నుల శాఖ, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ. ఒక రాజ్యం ఇంకో రాజ్యానికి చట్టం చేసి ఇచ్చేవి కావివి. ఒప్పందంతో రావాలి, లేదంటే చేజిక్కించుకుని నిలబెట్టుకోవాలి.

నాలుగేళ్ల తీర్పు రాజేసిన మంట

1714 సెప్టెంబరు 11న స్పెయిన్ రాజు సేనల చేతిలో బార్సిలోనా పడిపోయింది. కాటలోనియా నేటికీ ఆ తేదీనే తన జాతీయ దినంగా జరుపుకుంటుంది. 1930ల్లో వచ్చిన స్వయంపాలనను ఫ్రాంకో నియంతృత్వం రద్దు చేసింది. ప్రాంతీయ అధ్యక్షుడు లూయిస్ కుంపాయ్స్‌ను 1940లో కాల్చి చంపింది, కాటలాన్ భాషను బడుల నుంచీ కార్యాలయాల నుంచీ వెళ్లగొట్టింది. ఈ గాయం నిజమైనదే. కానీ 2017ను దీనితో మాత్రమే వివరించబోతే లెక్క కుదరదు. 1978లో స్పెయిన్ కొత్త రాజ్యాంగంపై ఓటింగ్ జరిగినప్పుడు కాటలోనియాలో సుమారు 90 శాతం అవునన్నారు. 2006లో ప్రాంతీయ ప్రభుత్వ సర్వే సంస్థ అడిగితే స్వతంత్ర దేశం కావాలన్నవారు 15 శాతం లోపే. 2013 చివరికి అదే సంస్థ సర్వేలో అది 48 శాతం దాటింది. వివరించాల్సింది ఈ ఏడేళ్లను.

మలుపు ఒక చట్టంతో మొదలైంది. 2005 సెప్టెంబరు 30న కాటలోనియా పార్లమెంటు తన స్వయంప్రతిపత్తి చట్టానికి కొత్త రూపం ఇచ్చింది. 135 మందిలో 120 మంది ఓటేశారు. మాడ్రిడ్ పార్లమెంటు దాన్ని కత్తిరించి ఆమోదించింది. 2006 జూన్ 18న ప్రజల ముందుకు వెళితే 73.9 శాతం అనుకూలంగా ఓటేశారు. పోలింగ్ మాత్రం సగానికి కాస్త తక్కువ. అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న పాపులర్ పార్టీ దాన్ని రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేసింది. తీర్పుకు నాలుగేళ్లు పట్టింది. ఈలోగా ఒక న్యాయమూర్తి మరణించారు, ఇంకొకరిని ఈ కేసు నుంచి తప్పించారు, కొందరి పదవీకాలం ముగిసినా పార్టీలు కొత్తవారిపై రాజీకి రాక అలాగే కొనసాగారు. చివరికి 2010 జూన్ 28న తీర్పు వచ్చింది. 14 అధికరణలు పూర్తిగానో కొంతమేరకో చెల్లవన్నారు. మరో 27 అధికరణలను తాము చెప్పిన అర్థంలోనే చదవాలన్నారు. పీఠికలోని ‘జాతి’ అనే మాటకు చట్టబద్ధమైన బలం లేదన్నారు. ప్రభుత్వ వ్యవహారాల్లో కాటలాన్‌కు ‘ప్రాధాన్యం’ అన్న పదాన్ని కొట్టేశారు.

న్యాయపరంగా కోర్టుకు ఆ అధికారం ఉంది. అయితే ప్రాంతీయ పార్లమెంటు, దేశ పార్లమెంటు, ప్రజల ఓటు మూడూ దాటొచ్చిన చట్టాన్ని ఆ తర్వాత కోర్టు విప్పదీయడం అసలు చిక్కు. ముందే పరిశీలించి ఉంటే ప్రజలు ఓటేసింది వేరే పాఠానికి అయ్యేది. పైగా ఆండలూసియా ప్రాంత చట్టంలో ఇంచుమించు ఇవే మాటలతో ఉన్న కొన్ని నిబంధనల జోలికి ఆ పార్టీ వెళ్లలేదు. తీర్పు వచ్చిన పన్నెండో రోజున బార్సిలోనా వీధులు నిండిపోయాయి. స్వయంప్రతిపత్తిని పెంచుకుంటూ పోవచ్చన్న మధ్యేమార్గం మీద నమ్మకం అక్కడ సడలింది. ఆ మార్గంలో ఉన్నవారే తర్వాతి మూడేళ్లలో స్వాతంత్ర్యం వైపు జరిగారు.

డబ్బు లెక్క: ఒకే ఖాతా, రెండు మొత్తాలు

అదే సమయంలో స్పెయిన్ ఆర్థిక సంక్షోభంలో కూరుకుంది. ప్రాంతీయ ప్రభుత్వాలు బడులకూ ఆసుపత్రులకూ ఖర్చు తగ్గించాల్సి వచ్చింది. ‘మన పన్నులు మన దగ్గరే ఉంటే ఈ కోతలు ఉండేవి కావు’ అన్న వాదన అక్కడ వేళ్లూనింది.

స్పెయిన్‌లో రెండు పన్నుల పద్ధతులు నడుస్తాయి. బాస్క్ ప్రాంతం, నవర్రా తమ పన్నులు తామే వసూలు చేసుకుంటాయి. రక్షణ, విదేశాంగం వంటి కేంద్రం ఖర్చుల్లో తమ వంతు మాత్రం మాడ్రిడ్‌కు కడతాయి. బాస్క్ వంతు ఆ ఖర్చుల్లో 6.24 శాతం, నవర్రా వంతు 1.6 శాతం. మిగిలిన 15 ప్రాంతాలు ఉమ్మడి పద్ధతిలో ఉన్నాయి. అక్కడ ప్రధాన పన్నులు కేంద్రమే వసూలు చేసి, ఆదాయపు పన్నులో 50 శాతం, వ్యాట్‌లో 50 శాతం, మద్యం, పొగాకు, ఇంధనం వంటి వాటిపై సుంకాల్లో 58 శాతం ప్రాంతాలకు లెక్కగడుతుంది. ఆ తర్వాత సంపన్న ప్రాంతాల నుంచి కొంత తీసి పేద ప్రాంతాలకు సర్దుతుంది. కాటలోనియా ఈ రెండో గుంపులో ఉంది. ఈ పద్ధతిలో తలసరి పన్నుల సామర్థ్యంలో మూడో స్థానంలో ఉన్న ప్రాంతం, పంపిణీ తర్వాత చేతికొచ్చే డబ్బులో తొమ్మిది పది స్థానాల దగ్గరకు జారిపోతుందన్నది అక్కడి ఫిర్యాదు.

ఎంత పోతోంది? కాటలోనియా ప్రభుత్వం చెప్పే అంకె ప్రాంతీయ ఉత్పత్తిలో 8 శాతం, ఏటా సుమారు 1,600 కోట్ల యూరోలు. మాడ్రిడ్ ఆర్థిక శాఖ లెక్కలో అది 5 శాతం, అంతకన్నా తక్కువ కూడా. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, లెక్కించే పద్ధతి వేరు. ‘నగదు ప్రవాహం’ పద్ధతిలో ఖర్చు ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది. మాడ్రిడ్‌లోని రక్షణ కార్యాలయం జీతాలు మాడ్రిడ్ ఖాతాలో పడతాయి. ‘భారం–ప్రయోజనం’ పద్ధతిలో ఆ సైన్యం కాపాడేది అందరినీ కాబట్టి, ఆ ఖర్చును దేశమంతటికీ పంచి కాటలోనియా ఖాతాలో కూడా కొంత వేస్తారు. స్వతంత్ర దేశమైతే ఆ సైన్యాన్నీ రాయబార కార్యాలయాలనూ సొంతంగా పెట్టుకోవాలి కాబట్టి, విడిపోతే మిగిలేది ఎంత అన్న ప్రశ్నకు రెండో పద్ధతే దగ్గరి జవాబు.

తెలంగాణ మిగులు నిధుల వివాదం తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1969లో అవే ఖాతాల మీద కుమార్ లలిత్ కమిటీ ఒక మొత్తం చెబితే, జస్టిస్ భార్గవ కమిటీ మరో మొత్తం చెప్పింది. ఏ ఖర్చును ఏ పద్దులో రాశారన్నదాన్ని బట్టి మిగులు పెరుగుతుంది, తరుగుతుంది.

2012 సెప్టెంబరు 20న ప్రాంతీయ అధ్యక్షుడు ఆర్తుర్ మాస్, బాస్క్ తరహా ఏర్పాటు కావాలని ప్రధాని మరియానో రహోయ్‌ను అడిగారు. రహోయ్ కుదరదన్నారు. ఆయన ఇబ్బంది కూడా అంకెల్లోనే ఉంది. దేశ ఉత్పత్తిలో 6 శాతం ఉన్న బాస్క్ ఉమ్మడి కుండకు బయట ఉంటే మిగతావారు మోయగలరు. 19 శాతం ఉన్న ప్రాంతం కూడా బయటికెళితే కుండలో పంచడానికి మిగిలేది బాగా తగ్గుతుంది. ఆ భేటీ విఫలమయ్యాక మాస్ పార్టీ కూడా స్వాతంత్ర్య బాట పట్టింది.

రాజ్యాంగంలో తలుపు ఉందా

స్పెయిన్ రాజ్యాంగం 2వ అధికరణ దేశ ఐక్యత విడదీయరానిదంటుంది. రెఫరెండానికి, అంటే ఒక ప్రశ్నపై నేరుగా ప్రజల ఓటు అడగడానికి, అనుమతినిచ్చే అధికారాన్ని 149వ అధికరణ పూర్తిగా కేంద్రానికే ఇచ్చింది. 2వ అధికరణను మార్చాలంటే 168వ అధికరణలోని దారి ఒక్కటే: పార్లమెంటు ఉభయ సభల్లో మూడింట రెండొంతుల ఆమోదం, వెంటనే సభల రద్దు, ఎన్నికలు, కొత్త సభల్లో మళ్లీ మూడింట రెండొంతులు, ఆపైన దేశవ్యాప్త రెఫరెండం. 350 మంది ఉన్న దిగువ సభలో కాటలోనియాకు 48 స్థానాలు. అక్కడి సభ్యులందరూ ఏకమైనా కావాల్సిన 234కు చాలా దూరంలో ఉంటారు. కాగితం మీద తలుపు ఉంది. తాళంచెవి మాత్రం మిగతా దేశం చేతిలో ఉంది.

భారత రాజ్యాంగంలోనూ విడిపోయే హక్కు లేదు. ఏ రాష్ట్రానికీ బయటికెళ్లే హక్కు ఉండదని 1948 నవంబరులోనే అంబేడ్కర్ రాజ్యాంగ సభలో వివరించారు. ఇటువంటి రాజ్యాంగాలు అరుదేమీ కాదు. అందుకే ఇలాంటి ఉద్యమాల్లో ‘చట్టబద్ధంగా’ అన్న మాటకు ఆచరణలో ఒక్కటే అర్థం మిగులుతుంది: కేంద్రాన్ని ఒప్పించడం. కాటలోనియా నాయకత్వం అది సాధ్యం కాదనుకుని వేరే దారి పట్టింది. 2015 ఎన్నికల్లో స్వాతంత్ర్య పార్టీలకు 72 సీట్లు వచ్చాయి, ఓట్లు మాత్రం 47.8 శాతం. ఆ ఆధిక్యంతో 2017 సెప్టెంబరు 6, 7 తేదీల్లో రెండు చట్టాలు చేశారు. ఒకటి రెఫరెండానికి, రెండోది స్పెయిన్ నుంచి కొత్త గణతంత్రానికి మారే క్రమానికి.

స్వయంప్రతిపత్తి చట్టాన్ని సవరించాలంటే కాటలోనియా సొంత నిబంధనల ప్రకారమే 135లో 90 ఓట్లు కావాలి. దాన్ని మొత్తంగా పక్కన పెట్టే చట్టాలను 72 మందితో, ఒకటి రెండు రోజుల చర్చతో, ప్రతిపక్షం సభ వదిలి వెళ్లిపోగా ఆమోదించారు. ఉద్యమం చేసిన తప్పుల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే. స్పెయిన్ చట్టాన్ని కాదన్నందుకు బయటి ప్రపంచం కొంత సానుభూతి చూపగలదు. సొంత చట్టాన్ని కూడా దాటేశాక ఆ సానుభూతి అడిగే అర్హత తగ్గిపోయింది. రెఫరెండం చట్టంలో కనీస పోలింగ్ షరతు కూడా పెట్టలేదు. ‘కాదు’ కన్నా ‘అవును’ ఒక్క ఓటు ఎక్కువ వస్తే రెండు రోజుల్లో స్వాతంత్ర్యం ప్రకటించాలని రాసుకున్నారు. రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని మరునాడే నిలిపివేసింది.

అక్టోబరు 1: ఓటింగ్ నడిచిన తీరు

ఎన్నిక నడపాలంటే నాలుగు కావాలి: ఓటర్ల జాబితా, బ్యాలెట్లు, పెట్టెలు, వీటన్నిటిపై నిఘా ఉంచే స్వతంత్ర సంఘం. మాడ్రిడ్ ఒక్కొక్కదాన్నీ గురిపెట్టింది. సెప్టెంబరు 20న బార్సిలోనాలోనూ పరిసరాల్లోనూ సోదాలు చేసి దాదాపు కోటి బ్యాలెట్ పత్రాలు పట్టుకున్నారు. ఎన్నికల సంఘం సభ్యులు ఐదుగురికి రోజుకు 12 వేల యూరోల చొప్పున జరిమానా పడుతుందని న్యాయస్థానం చెప్పింది. వారు రాజీనామా చేశారు. అంటే ఓటింగ్ రోజున ఫలితాన్ని ధ్రువీకరించే సంఘమే లేదు.

పెట్టెలు మాత్రం దొరకలేదు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, నల్లటి మూత, ముందు కాటలోనియా ప్రభుత్వ ముద్ర. చైనాలో కొన్న వీటిని సరిహద్దు అవతల, ఫ్రాన్స్ వైపున్న కాటలాన్ ప్రాంతంలో దాచారు. అక్కడినుంచి స్వచ్ఛంద కార్యకర్తలు సొంత కార్లలో తెచ్చి ఇళ్లలో పెట్టుకున్నారు. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో పక్కవారికి తెలియదు. శుక్రవారం సాయంత్రం నుంచే తల్లిదండ్రులు, పిల్లలు బడుల్లో ఆటలూ భోజనాలూ పెట్టుకుని అక్కడే నిద్రపోయారు. పోలీసులు తాళాలు వేయకుండా ఆపడానికి అదొక ఉపాయం. ఆదివారం తెల్లవారుజామున పెట్టెలు ఆ బడులకు చేరాయి.

ఓటర్ల జాబితా దగ్గర అసలు చిక్కొచ్చింది. కొన్ని కేంద్రాలను పోలీసులు మూసేస్తారని తెలిసి, ఎవరైనా ఏ కేంద్రంలోనైనా ఓటేయవచ్చని ఉదయం 8 గంటలకు, పోలింగ్‌కు గంట ముందు ప్రకటించారు. ఎవరు ఓటేశారో ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకే ఉమ్మడి జాబితాలో నమోదు చేయాలి. కేంద్ర ప్రభుత్వం ఆ సర్వర్లను అడ్డుకుంటూ పోయింది. లైన్ తెగిన చోట ఒకే మనిషి రెండు చోట్ల ఓటేయలేదని నిరూపించే సాధనం లేకుండా పోయింది. వర్షంలో గంటల తరబడి నిలబడ్డవారి నిజాయితీని ఇది తగ్గించదు. లెక్కకు ఉండాల్సిన బలాన్ని మాత్రం తగ్గించింది.

ఇతర ప్రాంతాల నుంచి రప్పించిన సుమారు 10 వేల మంది పోలీసుల్లో చాలామంది బార్సిలోనా రేవులో ఓడల్లో బస చేశారు. ఆ రోజు వారు కొన్ని కేంద్రాల్లో తలుపులు పగలగొట్టి, లాఠీలతో జనాన్ని లాగి, పెట్టెలు తీసుకెళ్లారు. వెయ్యి మందికి పైగా వైద్యం పొందారని కాటలోనియా ఆరోగ్య శాఖ చెప్పింది. తమ పోలీసుల్లోనూ వందల మందికి దెబ్బలు తగిలాయని స్పెయిన్ హోంశాఖ చెప్పింది. రబ్బరు తూటా తగిలి ఒకరు కన్ను కోల్పోయారు. కాటలోనియా సొంత పోలీసులు చాలాచోట్ల గుంపును చూసి బలప్రయోగం చేయలేదు. 2,300కు పైగా కేంద్రాల్లో ఎక్కువ భాగం మూతపడలేదు. అంటే బలప్రయోగం ఓటింగ్‌ను ఆపలేకపోయింది, ఉద్యమానికి ప్రపంచవ్యాప్తంగా దృశ్యాలు అందించింది.

ప్రకటించిన లెక్క ఇది: 53 లక్షల ఓటర్లలో 22,86,217 మంది ఓటేశారు, 43 శాతం. అవును అన్నవారు 20,44,038 మంది, 90 శాతం. కాదు అన్నవారు 1,77,547 మంది. స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించేవారిలో అత్యధికులు ఇంట్లోనే ఉండిపోయారు. పోలైన ఓట్లలో 90 శాతం అంటే ఏకాభిప్రాయంలా వినిపిస్తుంది. మొత్తం ఓటర్లలో చూస్తే అది 38 శాతం చిల్లర.

ఖజానా ముందే పోయింది

ఓటింగ్‌కు రెండు వారాల ముందు, సెప్టెంబరు 15న, మాడ్రిడ్ ఆర్థిక శాఖ కాటలోనియా చెల్లింపులపై పట్టు బిగించింది. జీతాలు, ఆసుపత్రుల బిల్లుల వంటివి తామే చెల్లిస్తామంది. మిగతా ఖర్చుకు, అది రెఫరెండం కోసం కాదన్న ధ్రువీకరణ లేనిదే డబ్బు వదలవద్దని బ్యాంకులకు చెప్పింది. దీనిపై పెద్దగా ఫొటోలు రాలేదు, కాబట్టి పెద్దగా చర్చా జరగలేదు. నెలాఖరుకు ఉద్యోగి జీతం ఎవరి సంతకంతో పడుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ రోజే తేలింది.

తర్వాత బ్యాంకుల వంతు. స్వాతంత్ర్యం ప్రకటిస్తే కాటలోనియా యూరోపియన్ యూనియన్ బయట పడుతుందన్న భయం ఖాతాదారులకు పట్టుకుంది. యూనియన్ బయట ఉన్న బ్యాంకుకు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు నుంచి నగదు ఆధారం ఉండదు. లక్ష యూరోల వరకు డిపాజిట్లకు ఉన్న హామీ ఏమవుతుందో చెప్పేవారు లేరు. కొందరు ఖాతాదారులు ప్రాంతం బయటి శాఖల్లో జంట ఖాతాలు తెరిచి డబ్బు అక్కడికి మార్చుకున్నారు. అక్టోబరు 5న సబాడెల్ బ్యాంకు తన రిజిస్టర్డ్ కార్యాలయాన్ని అలికాంటేకు, మరునాడు కైషాబ్యాంక్ వలెన్సియాకు మార్చాయి. వాటాదారుల సమావేశం లేకుండానే అలా మార్చుకునే వీలు కల్పిస్తూ అక్టోబరు 6న కేంద్రం డిక్రీ తెచ్చింది. కొన్ని నెలల్లో 3 వేలకు పైగా కంపెనీలు అదే బాట పట్టాయి. కదిలింది చట్టపరమైన చిరునామా మాత్రమే. ఫ్యాక్టరీలూ ఉద్యోగాలూ చాలావరకు అక్కడే ఉన్నాయి. అయినా, వ్యాపార ప్రపంచం మనవెంటే వస్తుందన్న హామీ ఆ వారంలో కూలిపోయింది. సబాడెల్ తిరిగి కాటలోనియా చిరునామాకు రావాలని నిర్ణయించింది 2025 జనవరిలో.

ఎనిమిది సెకన్లు, తర్వాత 155

అక్టోబరు 10న ప్రాంతీయ అధ్యక్షుడు కార్లెస్ పుజ్‌డెమోన్ పార్లమెంటులో స్వాతంత్ర్యం గురించి చెప్పి, చర్చల కోసం దాన్ని నిలిపివేయాలని ఎనిమిది సెకన్ల వ్యవధిలోనే కోరారు. బయట పెద్ద తెరల ముందు నిలబడ్డ జనం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. ఐరోపా మధ్యవర్తిత్వం వస్తుందని ఆశ. రాలేదు. ఎన్నికలు ప్రకటించి ప్రాంతీయ ప్రభుత్వాన్ని కాపాడుకునే ఆలోచన 26న చివరి గంటల వరకు నడిచి వీగిపోయింది. 27న జరిగిన ఓటింగ్‌లో అనుకూలంగా 70, వ్యతిరేకంగా 10, ఖాళీ బ్యాలెట్లు 2. కేసులకు దొరక్కుండా రహస్య ఓటు పెట్టుకున్నారు. ప్రతిపక్షం సభ వదిలి వెళ్లిపోయింది.

కొద్ది సేపటికే స్పెయిన్ సెనేట్ 214–47 ఓట్లతో 155వ అధికరణ ప్రయోగానికి అనుమతించింది. రాష్ట్రపతి పాలన తెలిసిన మన పాఠకులకు ఇది పరిచయమైన ఆయుధమే, తేడాలు మాత్రం ఉన్నాయి. జర్మనీ రాజ్యాంగం నుంచి తీసుకున్న ఈ నిబంధనను స్పెయిన్ అంతకుముందు ఒక్కసారీ వాడలేదు. మన 356వ అధికరణను వందకు పైగా సార్లు వాడారు. 155 కింద ముందు ప్రాంతీయ అధ్యక్షుడికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, ఆపై సెనేట్‌లో పూర్తి మెజారిటీ సాధించాలి. ఏ చర్యలు తీసుకోవచ్చో అధికరణలో లేదు. రహోయ్ అధ్యక్షుడినీ మంత్రులనూ తొలగించి, పార్లమెంటును రద్దు చేసి, డిసెంబరు 21న ఎన్నికలు ప్రకటించారు.

ఆ శుక్రవారం రాత్రి కూడా ప్రాంతీయ ప్రభుత్వ భవనం మీద స్పెయిన్ జెండా దిగలేదు. స్వాతంత్ర్య ప్రకటన అధికారిక గెజిట్‌కు ఎక్కలేదు. శనివారం పోలీసు అధిపతిని తొలగిస్తే ఆయన తప్పుకున్నారు, బలగాలు కొత్త ఉత్తర్వులు పాటించాయి. సోమవారం ఉద్యోగులు రోజూలాగే పనిలోకి వెళ్లారు. అదే రోజు పుజ్‌డెమోన్ బెల్జియం వెళ్లిపోయినట్టు తెలిసింది. రేవు, విమానాశ్రయం, కస్టమ్స్, పన్నుల శాఖ ఒక్కటీ చేతులు మారలేదు. వీటిని ఎలా స్వాధీనం చేసుకోవాలో రెండో చట్టంలో కాగితం మీద రాసి ఉంది. అమలు చేసేందుకు ఒక్క బృందాన్నీ పంపలేదు. పంపితే రక్తపాతం జరిగేదని నాయకులకు తెలుసు, దానికి వారు సిద్ధపడలేదు. ఆ నిర్ణయానికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. అయితే ఆ సంగతి ముందే తెలిసినప్పుడు, ఓటు పడితే దేశం వచ్చినట్టేనని ప్రజలకు చెప్పకుండా ఉండాల్సింది.

ఒప్పందం ఉన్నచోట ఏం జరిగింది

స్కాట్లాండ్‌లో ఓటు ఎలా జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. 2012 అక్టోబరులో లండన్, ఎడిన్‌బరో ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. ప్రశ్న, ఓటర్ల అర్హత, ఖర్చు పరిమితి, లెక్కించే సంఘం ముందే ఖరారయ్యాయి. 2014 సెప్టెంబరు 18న 84.6 శాతం పోలింగ్ జరిగితే 55.3 శాతం వద్దన్నారు. ఓడినవారు కూడా ఆ ఫలితాన్ని ఒప్పుకున్నారు. ఆ అనుమతి ఒక్కసారికే. లండన్ ఒప్పుకోకుండా మళ్లీ ఓటు పెట్టలేరని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబరులో తేల్చింది.

కెనడాలో క్యూబెక్ 1995లో 50.58 శాతంతో ఉండిపోవాలని నిర్ణయించింది. ఆ తర్వాత 1998లో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది మిగతా దేశాల వారూ చదవాల్సిన మాట: ఏకపక్షంగా విడిపోయే హక్కు క్యూబెక్‌కు లేదు, కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలకు కూర్చోవాల్సిన బాధ్యత మిగతా కెనడాకు ఉంది. స్పెయిన్ వ్యవస్థలో మొదటి సగం ఉంది, రెండో సగం లేదు. సెర్బియా నుంచి విడిపోవడంపై ఓటుకు మాంటెనెగ్రోకు 2006లో యూరోపియన్ యూనియన్ 55 శాతం గీత పెట్టింది. 55.5 శాతం రావడంతో కొద్ది వారాల్లోనే గుర్తింపు వచ్చింది.

కాటలోనియా ఓటుకు ఆరు రోజుల ముందే, 2017 సెప్టెంబరు 25న ఇరాక్‌లోని కుర్దిస్థాన్‌లో బాగ్దాద్ అనుమతి లేకుండా ఓటు జరిగింది. 92 శాతానికి పైగా అవునన్నారు. మూడు వారాల్లో ఇరాక్ సేనలు చమురు నగరం కిర్కుక్‌ను స్వాధీనం చేసుకున్నాయి. కుర్దులకు సొంత సైన్యం ఉన్నా పొరుగు దేశాల గుర్తింపు లేక నిలబడలేకపోయారు.

2008లో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావో సంగతి తరచూ తెస్తారు. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2010 జులైలో చెప్పింది. ప్రకటించడం నేరం కాదనడం వేరు, విడిపోయే హక్కు ఉందనడం వేరు. న్యాయస్థానం రెండోది చెప్పలేదు. స్పెయిన్ నేటికీ కొసావోను గుర్తించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. యూరోపియన్ యూనియన్‌లో కొత్త దేశాన్ని చేర్చుకోవాలంటే ఉన్న సభ్యులందరూ ఒప్పుకోవాలి, అందులో స్పెయిన్ ఒకటి. 2017 అక్టోబరు 2న యూరోపియన్ కమిషన్ ఇది స్పెయిన్ అంతర్గత విషయమనీ, విడిపోయే ప్రాంతం యూనియన్ బయట ఉంటుందనీ ప్రకటించాక ఆ దారి మూసుకుంది.

జైలు, క్షమాభిక్ష, పన్నుల శాఖ

2019 అక్టోబరు 14న సుప్రీంకోర్టు తొమ్మిది మంది నాయకులకు రాజద్రోహం కింద 9 నుంచి 13 ఏళ్ల శిక్ష వేసింది. బార్సిలోనా విమానాశ్రయం దిగ్బంధమైంది, వీధులు తగలబడ్డాయి. రహోయ్ తర్వాత ప్రధాని అయిన పెద్రో సాంచెస్ 2021 జూన్‌లో వారికి క్షమాభిక్ష ఇచ్చారు. ఆ తర్వాత రాజద్రోహ నేరాన్నే శిక్షాస్మృతి నుంచి తీసేశారు. 2023 ఎన్నికల తర్వాత ప్రభుత్వం నిలబడాలంటే పుజ్‌డెమోన్ పార్టీకి ఉన్న 7 సీట్లు కావాలి. దాని ఫలితం 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన సార్వత్రిక క్షమాభిక్ష చట్టం. 177–172తో గట్టెక్కిన ఆ చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2025 జూన్‌లో చాలావరకు సమర్థించింది. ప్రభుత్వ నిధుల దుర్వినియోగం కేసుకు అది వర్తించదని సుప్రీంకోర్టు అనడంతో పుజ్‌డెమోన్‌కు మాత్రం ఊరట దక్కలేదు.

శిక్షలున్నప్పుడు బిగుసుకున్న ఉద్యమం, అవి సడలాక తగ్గింది. 2024 మే ఎన్నికల్లో స్వాతంత్ర్య పార్టీలన్నిటికీ కలిపి 61 సీట్లే వచ్చాయి, మెజారిటీకి 68 కావాలి. ఆగస్టులో సోషలిస్టు సాల్వడార్ ఇల్యా అధ్యక్షుడయ్యారు. సర్వేల్లో స్వాతంత్ర్యానికి మద్దతు 40 శాతం చుట్టూ ఉంది. 2006తో పోలిస్తే అది ఇప్పటికీ రెండింతలకు పైమాటే.

ఇల్యాకు మద్దతిచ్చేందుకు వామపక్ష స్వాతంత్ర్య పార్టీ ఈఆర్‌సీ పెట్టిన షరతు పాతదే: పన్నులన్నీ కాటలోనియానే వసూలు చేసి, కేంద్రానికి వంతు కట్టే ఏర్పాటు. 2012లో మాస్ అడిగి లేదనిపించుకున్నది కూడా ఇదే. దీనికి దేశ పార్లమెంటులో చట్ట సవరణ కావాలి. సంపన్న ప్రాంతం తప్పుకుంటే తమ ఆసుపత్రులకు డబ్బెక్కడిదని ఇతర ప్రాంతాలు అడుగుతున్నాయి, వాటిలో సాంచెస్ పార్టీ నేతలూ ఉన్నారు. చట్టం మారినా పని అక్కడితో అయిపోదు. కాటలోనియా పన్నుల శాఖ చూసేవి వారసత్వ పన్ను, ఆస్తుల బదిలీ పన్ను, హోటల్ బస పన్ను వంటి చిన్న పద్దులు. లక్షలాది ఆదాయపు పన్ను రిటర్నులు చూడాలంటే అనుభవమున్న ఇన్‌స్పెక్టర్లు, యజమానులు జీతాల నుంచి ముందుగా కోసే పన్నుల సమాచారం, దేశమంతటి బ్యాంకులతో కలిసిన కంప్యూటర్ వ్యవస్థ కావాలి. అవన్నీ ఇవాళ మాడ్రిడ్ శాఖ చేతిలో ఉన్నాయి. కాటలోనియా ముందుగా తీసుకోవాలనుకుంటున్న పన్ను ఆదాయపు పన్నే.